కాదన్నా సరే, ఒక్క మాట చెప్పండి

తెలుగు పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

తిరువూరు,
ఎన్టీఆర్ జిల్లా.

వార, మాస పత్రికల సంపాదకులకు, ఆదివారం అనుబంధాలు చూసే పెద్దలకు, అంతర్జాల పత్రికలు నడుపుతున్న మిత్రులకు,

నా కథ ఎందుకు వేయలేదని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏ కథ వేయాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చే హక్కు మీది. ఆ పని ఎంత కష్టమో కొంత తెలుసు కాబట్టి ఆ హక్కును మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నేను అడగబోయేది ఇంకొకటి. తిరువూరు లాంటి ఊళ్లలో కూర్చుని రాసేవాళ్లు పంపిన కథ మీకు ముట్టిందో లేదో, వేస్తారో వేయరో ఒక్క ముక్క తెలియజేయండి. కాదని చెప్పినా ఫరవాలేదు. కాదన్న మాటను తట్టుకుని మళ్లీ కలం పట్టినవాళ్లు మన భాషలో ఎందరో ఉన్నారు. ఏ మాటా రాకపోతేనే మనిషి డీలా పడిపోతాడు.

మా ఊరు మీకు మరీ దూరమేం కాదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. ఊరు దాటి ముందుకు పోతే తెలంగాణ పొలిమేర. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. మా మాటలో కృష్ణా ఎంత ఉంటుందో ఖమ్మమూ అంత ఉంటుంది. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిర్చి చేలు. రాసేవాళ్లు కూడా ఈ బతుకుల్లోంచి వచ్చినవాళ్లే. బడిపంతుళ్లు, ఎరువుల కొట్టు గుమాస్తాలు, అంగన్‌వాడీ టీచర్లు, బస్సు కండక్టర్లు, పెన్షన్ మీద కాలం వెళ్లదీసేవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు. ఎవరికీ రాయడం బతుకుతెరువు కాదు. పగలంతా పని చేసుకుని, రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాకో, తెల్లారకముందే లేచో రాసుకుంటారు.

అలా రాసిన కథ మీ దాకా ఎలా వస్తుందో ఒకసారి చూడండి. ముందు చిత్తుప్రతి, తర్వాత సాపుప్రతి. పదిహేను వందల పదాలు మించకూడదని మీరు ప్రకటనలో వేస్తారు కాబట్టి వేలు పెట్టి పదాలు లెక్కపెట్టుకుంటాం. ఎక్కువైతే ఇష్టమైన పేరాలే కోసేసుకుంటాం. ఆ కాగితాలు పట్టుకుని బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు వెళ్తే, శుభలేఖలూ దరఖాస్తులూ టైపు చేస్తున్న అమ్మాయి వాటి మధ్య మన కథకు వీలు చూసుకుంటుంది. ఆమె నేర్చుకున్నది అను ఫాంట్లు. మీరు అడిగేది యూనికోడ్. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేసరికి వత్తులు చెదిరిపోతాయి, గుడులు ఎగిరిపోతాయి. ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తెర మీద వేలు పెట్టి చూపిస్తూ ఒక్కో అక్షరం సరిచేయించుకోవాలి. మధ్యలో ఎవరో ఆధార్ జిరాక్సుకు వస్తే లేచి పక్కకు జరగాలి. పేజీకి ఇంతని డబ్బు కట్టి, ఈమెయిలు కూడా అక్కడి నుంచే పంపించి బయటికి వస్తాం.

దానికి తోడు హామీపత్రం. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, సామాజిక మాధ్యమాల్లో పెట్టలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి సంతకం పెట్టి ఇస్తాం. ఆ చివరి వాక్యానికి కట్టుబడి ఆ కథను ఇంకెవరికీ పంపం. మీ వైపు నుంచి ఏ కబురూ ఉండదు. నెలలు గడుస్తాయి. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉంది" అంటారు, లేదా ఎత్తరు. అప్పుడు ఆ కథ మీదీ కాదు, మాదీ కాదు. వేసిన కథ సంగతి కూడా చాలాసార్లు ఇంతే. ఆదివారం పొద్దున్నే ఏ ఊరి నుంచో తెలియనివాళ్లు ఫోన్ చేసి "మీ కథ చదివామండీ" అంటే, అప్పుడు పరుగెత్తుకెళ్లి పేపరు కొనుక్కుంటాం.

పాత పద్ధతిలో ఒక మేలుండేది. తిరుగుటపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవాళ్లం. పోస్ట్‌మాన్ చేతిలో బరువైన కవరు చూడగానే సంగతి అర్థమయ్యేది. మనసు చివుక్కుమనేది. అయినా కథ ఇల్లు చేరేది కాబట్టి నాలుగు రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదివి, దిద్ది ఇంకో పత్రికకు పంపేవాళ్లం. ఈమెయిలు వచ్చాక పంపడం క్షణంలో పని అయింది. తిరిగి రావడమే లేకుండా పోయింది.

ఆలస్యాలూ అడ్డంకులూ మన సాహిత్యానికి కొత్త కాదని నాకు తెలుసు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాల్లో ఎక్కువ భాగం 1930లలోనే రాశారు. చలం గారి ముందుమాట 1940లోనే సిద్ధమైంది. పుస్తకం మాత్రం 1950లో గాని రాలేదు. మచిలీపట్నంలో నళినీకుమార్ గారు పూనుకుని వేస్తే వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి'ని రాయవెల్లూరు జైల్లో రాశారు. అచ్చయిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి పదేళ్లకు పైనే పట్టింది. మాకు పొరుగునే ఉన్న మధిర ప్రాంతంలో చిన్నతనం గడిపిన దాశరథి గారికి నిజామాబాద్ జైల్లో కాగితమే దొరకలేదు. బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశారు. జైలువాళ్లు చెరిపేస్తే మళ్లీ రాశారు. పక్కనే ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఆ పద్యాలను నోటికి పట్టారు.

వీళ్లెవరినీ అచ్చుకాకపోవడం ఆపలేకపోయింది. అయితే ఒక సంగతి గమనించండి. శ్రీశ్రీ గీతాలను మిత్రులు సభల్లో విని చెప్పుకున్నారు. దాశరథి పద్యాన్ని పక్కన ఉన్న మనిషి గుర్తుపెట్టుకున్నాడు. పుస్తకం లేకపోయినా వినే మనిషి ఉన్నాడు, ఏదో ఒకటి చెప్పేవాడు ఉన్నాడు. రాసేవాడి ఉత్సాహం నిలబడేది అక్కడే. ఒంటరిగా రాయగలం. జవాబే లేని చోటికి ఏళ్ల తరబడి రాస్తూ ఉండటం మాత్రం చాలా కష్టం.

సంపాదకులు ఎప్పుడూ పొరబడకూడదని కూడా నేను అనను. ఇటలీలో జుసెప్పె తొమాసి ది లాంపెదూజా రాసిన 'ది లెపర్డ్' నవలను రెండు పెద్ద ప్రచురణ సంస్థలు వద్దన్నాయి. రచయిత 1957లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఇంకో సంస్థ ఆ నవల వేసింది. 1959లో దానికి ఆ దేశంలో పేరున్న స్ట్రేగా బహుమతి వచ్చింది. వద్దన్న సంపాదకుల్లో ఒకరైన ఎలియో విత్తొరీని తానూ పెద్ద రచయితే. ఆయన అభిప్రాయం తప్పని కాలం తేల్చింది. కానీ ఎందుకు వద్దనుకున్నాడో ఆయన ఉత్తరం రాసి పంపాడు. లాంపెదూజాకు అది అందింది. పొరబాటు నిర్ణయమైనా సరే, చదివి, ఆలోచించి, రాసినవాడికి చెప్పడం మర్యాద. ఆ మర్యాదే మేం అడుగుతున్నది.

ఊళ్లలో రాసేవాళ్లను సంపాదకులు పట్టించుకోవడం మన దగ్గర లేని ఆచారమేం కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారో మీకు తెలుసు. గోలకొండ పత్రిక సంపాదకుడిగా ఆయన ఊరూరా ఉన్న కవులను కవితలు పంపమని పిలిచారు. వచ్చినవన్నీ పోగుచేసి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఒక సంపాదకుడు తలుచుకుంటే ఎవరికీ తెలియని ఊళ్లలోంచి ఎంతమంది బయటికి వస్తారో ఆ ఒక్క పుస్తకం చూస్తే చాలు. విజయవాడ నుంచి వచ్చిన ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు కొత్తవాళ్లను వెతికి పట్టుకునేవారని ఆ తరం రచయితలు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు. మా తిరువూరు పక్కనే విస్సన్నపేట ఉంది. నండూరి రామమోహనరావు గారు 1927లో పుట్టింది అక్కడే. మార్క్ ట్వేన్ నవలల్ని తెలుగు పిల్లలకు అందించి, 'నరావతారం', 'విశ్వరూపం' రాసి, సైన్సును చదువరి ఇంటికి చేర్చి, ఆంధ్రజ్యోతి దినపత్రిక సంపాదకుడిగా పనిచేశారు. ఈ మట్టిలోంచి రాసేవాళ్లే కాదు, రాయించేవాళ్లూ వచ్చారు. మాకు సంపాదకులంటే ఉన్న గౌరవానికి ఇలాంటివాళ్లే కారణం.

మీ ఇబ్బందులు నేను ఎరుగుదును. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన 'భారతి' 1991లో ఆగిపోయింది. 'యువ' లేదు. 'చందమామ' లేదు. 1978లో పుట్టిన 'చతుర', 'విపుల' కరోనా దెబ్బకు మూతపడ్డాయి. అలా పత్రికలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే, ఇన్ని చోట్లకు వెళ్లాల్సిన కథలన్నీ మిగిలిన కొద్దిమంది మీద వచ్చి పడుతున్నాయి. పండక్కి కథల పోటీ పెడితే వందల్లో వస్తాయి. చదవడానికి ఒకరో ఇద్దరో సబ్ ఎడిటర్లు ఉంటారు. వాళ్లకు పేజీలు పెట్టించే పని, ప్రూఫులు చూసే పని, ఇంకా పది పనులు. అందరికీ వివరంగా ఉత్తరాలు రాయమని అడిగితే అది అన్యాయం.

అందుకే చేయగలిగినంతే అడుగుతున్నాను.

మొదటిది, కథ అందగానే అందిందని ఒక సందేశం. ఈ రోజుల్లో కరెంటు బిల్లు కట్టినా ఫోన్‌కు మెసేజ్ వస్తోంది. ఈమెయిలుకు దానంతట అదే వెళ్లే జవాబు పెట్టడం మీ ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడికి పది నిమిషాల పని.

రెండోది, ఒక గడువు. మూడు నెలలు పెట్టుకోండి, నాలుగు పెట్టుకోండి. ఆ లోపల మీ నుంచి కబురు రాకపోతే కథను మేం వేరే చోటికి పంపుకోవచ్చని రచనలు కోరే ప్రకటనలోనే వేయండి. మా దగ్గర హామీపత్రం తీసుకుంటున్నారు. మీ నుంచి ఈ మాత్రం హామీ మాకూ ఉండాలి.

మూడోది, చివరి దాకా వచ్చి ఆగిపోయిన కథలకు ఒక్క వాక్యం. "ముగింపు తొందరపడింది", "సంభాషణల్లో ప్రాణముంది, కథనం సాగింది", "ఈ ఇతివృత్తం మీద ఇటీవలే వేశాం". అంతే చాలు. ఆ ఒక్క వాక్యంతో ఏడాదికి సరిపడా నేర్చుకుంటాం. ఇది కుదరని పని కాదని 'ఈమాట' చూపించింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఆ అంతర్జాల పత్రిక, రచనను సమీక్షకులతో చదివించి, సూచనలతో రచయితకు తిప్పి పంపే పద్ధతి పెట్టుకుంది. ఉద్యోగాలు చేసుకుంటూ వాళ్లు చేయగలిగిన దాంట్లో పావు వంతు మీరు చేసినా మా లాంటివాళ్లకు అదే పెద్ద బడి.

నాలుగోది, అచ్చయ్యే ముందు కబురు, అచ్చయ్యాక పారితోషికం. ఎంతన్నది ముఖ్యం కాదు. మనియార్డరు మీద వచ్చిన చిన్న మొత్తాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్న రచయితలు మా వైపు ఉన్నారు. అచ్చు వేయడమే బహుమానం అనుకోమనడం సబబు కాదు. డీటీపీకి కట్టింది కూడా తిరిగి రాని పనిని ఏ ఊరివాడైనా ఎన్నాళ్లు చేస్తాడు?

మీరు పలకకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. వేరేవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. కవితకు ఇంతని కట్టండి, సంకలనంలో వేస్తాం అంటారు. ఇంకాస్త కడితే శాలువా, మెమెంటో, బిరుదు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ తప్పు కాదు. ఆ ఆశతో వ్యాపారం చేయడం తప్పు. ఒక పత్రిక నుంచి "ఇంకా సానపెట్టండి" అన్న మాట అందుకున్న కుర్రాడు డబ్బు కట్టి బిరుదు కొనుక్కోడు. పుస్తకం సొంతంగా వేసుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? డెమ్మీ సైజులో మూడు వందల కాపీలు విజయవాడలో అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో సగం "అభినందనలతో" అని సంతకం పెట్టి పంచేసి, మిగతావి అటక మీద పెట్టుకున్న ఇళ్లు మా చుట్టుపక్కల కనిపిస్తాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి గారి ఓపిక అందరికీ ఉండదు. ఆ బరువు రాసేవాడి ఒక్కడి మీదే పెట్టడం న్యాయమూ కాదు.

ఈ ఉత్తరం మీ భుజం మీదుగా చదువుతున్న మా తోటి రచయితలకు కూడా రెండు మాటలు చెప్పుకుంటాను. జవాబు అడగడం మన హక్కు. అది వచ్చేదాకా రాయడం ఆపడం మాత్రం మనకు మనమే చేసుకునే నష్టం. పంపిన కథ గురించి ఎదురుచూస్తూ కూర్చోకుండా మరుసటి కథ మొదలుపెట్టండి. నెలకోసారి నలుగురు కలిసి ఒకరి కథ ఒకరు బిగ్గరగా చదువుకోండి. గొంతులో తడబడిన వాక్యం కాగితం మీదా తడబడుతుందని అప్పుడే తెలుస్తుంది. ప్రతి కథకూ ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి, ఎక్కడికి ఎప్పుడు పంపారో నోటుపుస్తకంలో రాసుకోండి. అచ్చయిన కథను పారేయకండి. కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టింది అందుకే. ఏ మారుమూల పత్రికలో వచ్చిన కథకైనా అక్కడ చోటు ఉండాలని ఆయన ముసలితనంలో కూడా పాత సంచికలు వెతికి తెప్పించారు. ఒక కథకుడు తన పేరు కంటే తోటివాళ్ల కథలు బతకాలని అంత పాటుపడిన భాషలో మనం రాస్తున్నాం. అది తలుచుకుంటే నాకు నీరసం రాదు.

ఇంకో మాట కూడా నిజం. కథ కింద ఫోన్ నంబరు వేసిన ఆదివారం, ఎక్కడో ఆదోని నుంచో, టెక్కలి నుంచో ఒక పెద్దాయన ఫోన్ చేసి, పేరు కూడా సరిగ్గా చెప్పకుండా, "అందులో అత్తగారు మా అమ్మేనమ్మా" అని గొంతు జీరబోతుంటే మాట్లాడిన సంగతి రాసేవాళ్లందరికీ ఏదో ఒక రూపంలో అనుభవమే. పంపడం, ఎదురుచూడటం, నిరాశపడటం, మళ్లీ పంపడం అన్నీ ఆ ఒక్క ఫోన్ కోసం భరించవచ్చు. మీరు వేస్తేనే ఆ ఫోన్ వస్తుంది. అందుకే మీ మీద అలక పూని ఊరుకోవడం మాకు ఇష్టం లేదు.

సంపాదక మిత్రులారా, మీకు కూడా మేం కావాలి. మిర్చి కల్లంలో రాత్రి కాపలా పడుకున్నవాడి భయమేమిటో, మామిడి పూత మాడిపోయిన ఏడు ఒక ఇంట్లో పెళ్లి ఎలా వాయిదా పడుతుందో, రెండు రాష్ట్రాల మధ్య పొలిమేర గీస్తే అటు పొలం, ఇటు ఇల్లు ఉన్నవాళ్లకు ఏమవుతుందో నగరంలో కూర్చుని రాసేవాళ్లకు తెలియదు. ఈ కథలు రాగలిగింది ఇక్కడి నుంచే. జవాబు రాక ఒక్కొక్కరే కలం పక్కన పెట్టేస్తే మీ పత్రికల్లో ఈ మనుషులెవరూ కనిపించరు. ఒకే రకం ఇళ్లు, ఒకే రకం ఉద్యోగాలు, ఒకే రకం దిగుళ్లు మిగులుతాయి. చదువరులు తగ్గిపోతున్నారని మీరు బాధపడుతుంటారు. తన ఊరు, తన మాట కనిపించని పత్రికను ఎవరు ఎన్నాళ్లు కొంటారు?

మీలో ఎవరైనా ఒక్కరు ఏడాదికి ఒకసారి తిరువూరు రండి. గ్రంథాలయంలో కుర్చీలు వేసే పని, భోజనాలు చూసే పని మాది. పొగడ్తల సభ వద్దు, శాలువాలు వద్దు. ఆ పూట మేం రాసింది చదువుతాం, మీరు వినండి. బాగాలేనిది బాగాలేదని మొహం మీదే చెప్పండి. మేం రాసుకుంటాం.

ఈ ఉత్తరం మీ పత్రికలో వేస్తారో లేదో మీ ఇష్టం. నేను అడిగిన నాలుగింటిలో ఏది చేయగలరో, ఎప్పటి నుంచి చేస్తారో రచనలు కోరే ప్రకటన కింద రెండు వాక్యాలు వేస్తే చాలు. ఆ రెండు వాక్యాల కోసం వచ్చే నెల సంచికలు తెరిచి చూస్తాను.

భవదీయ,
తిరువూరు నుంచి ఒక కథారచయిత